గృహనిర్మాణము - ధనఋణ వివేచనము

(ఆత్రేయపురమున జరిగిన మన విశ్వబ్రాహ్మణ సంఘ వార్షిక మహాసభయందు ఒక విశ్రాంత సంస్కృతోపాధ్యాయుడు చేసిన ఉపన్యాసము)



కార్యదర్శిగారు నన్ను మన కులవృత్తులను గూర్చియు, వానికి మూలములైన శాస్త్రములను గూర్చియు మాటలాడుమని కోరిరి. మను, మయ, త్వష్ట, శిల్పి, విశ్వజ్ఞులను పంచబ్రహ్మల మహిమను ప్రతివత్సరము ఈ వేదికనుండి పెద్దలు వర్ణించుచునే యున్నారు. నాకంటె బాగుగ వర్ణించుచున్నారు. కావున వారి యనుమతితో నేను ఆ విషయమును కొంచెము క్రిందికి దింపి, ఒక ఇంటికి ఎంత ధనము పట్టునో ముందుగ లెక్కించుట యెట్లను విషయమును ముచ్చటింప దలచితిని. ఇది సభాయోగ్యమైన విషయము కాదని కొందరికి తోచవచ్చును. కాని ఇల్లు కట్టి అప్పులపాలైనవారు ఈ పందిరిక్రింద ఎందరు కూర్చుండిరో నాకు తెలియును. వారిలో నేనొకడను.

మనవారు శంకుస్థాపనకు ముందు చేయు మొదటి గణితము ఆయాది గణితము. మయమతమునందును, మానసారమునందును దీనికి ప్రత్యేకముగ స్థానము కలదు. మన తెనుగుదేశమున వాడుకలో నున్న పద్ధతి మీ యందరికిని తెలిసినదే. ఇంటి క్షేత్రఫలమును తొమ్మిదిచే గుణించి ఎనిమిదిచే భాగింపగా మిగిలిన శేషము ఆయము. ఎనిమిదిచే గుణించి పండ్రెండుచే భాగింపగా శేషము ధనము. మూడుచే గుణించి ఎనిమిదిచే భాగింపగా శేషము ఋణము. ధనము ఋణముకంటె ఎక్కువగ నుండవలెను. ఇట్లున్న ఇల్లే కట్టదగిన ఇల్లు.

నేను ఉద్యోగవిరమణానంతరము కట్టించుకొన్న ఇల్లు 11 గజముల నిడివి, 11 గజముల వెడల్పు. క్షేత్రఫలము 121. దానిని తొమ్మిదిచే గుణించిన 1089. ఎనిమిదిచే భాగింపగా శేషము 1, అనగా ధ్వజాయము. అంతకంటె శ్రేష్ఠమైన ఆయము లేదు. ఎనిమిదిచే గుణించిన 968. పండ్రెండుచే భాగింపగా ధనము 8. మూడుచే గుణించిన 363. ఎనిమిదిచే భాగింపగా ఋణము 3. ఎనిమిదెక్కడ, మూడెక్కడ! ఈ లెక్కను నేనే స్వయముగ వేసి, శ్లోకములు చదివి, మా యింట అందరికిని వినిపించి మిక్కిలి సంతోషించితిని. ఆ యింటి గృహప్రవేశము నాటికి నాకు 3 లక్షల రూపాయల ఋణము మిగిలెను. శాస్త్రము చెప్పిన సంఖ్య తప్పలేదని మా బావమరది నేటికిని పరిహాసము చేయుచుండును.

నేను శాస్త్రమును నిందించుటలేదు. నలువది సంవత్సరములు ఆ భాషనే బోధించి ఆ యన్నమునే తింటిని. నేను చెప్పునది యిది: గోడల కొలతలో ధనఋణములను ఇంత శ్రద్ధగ చూచుకొను మనము, సంచిలోని ధనఋణములను అందులో సగము శ్రద్ధతోనైనను చూచుకొనుటలేదు. ఆయాదికి పంచాంగము, పలక, పండితుడు కావలెను. ఖర్చుకు మాత్రము వీధిలో నిలువబడి మేస్త్రీని "అడుగుకెంత?" అని యడిగిన చాలును!

నా లెక్కను దాచక మీ ముందుంచెదను. నా యిల్లు 33 అడుగుల చతురము, అనగా 1,089 చదరపుటడుగులు. 2021 వ సంవత్సరము చివర మేస్త్రీ సామానుతో సహా అడుగుకు 1,600 రూపాయలనెను. మొత్తము 17,42,400 రూపాయలు. నా చేతనున్న విరమణధనము 20 లక్షలు. ఇంకను రెండున్నర లక్షలు మిగులునని తలచి, ఆ మిగులుతో కాశీయాత్రకు కూడ సంకల్పము చెప్పుకొంటిని. తుదకైన వ్యయము 24,72,400 రూపాయలు. ఏడు లక్షల ముప్పదివేలు ఎక్కువ. ఇది యెచ్చటనుండి వచ్చినదో ఒక్కొక్కటిగ చెప్పెదను. ఏలయన ఇందులో వింత యేదియు లేదు. మీలో ఇల్లు కట్టదలచిన ప్రతివానికిని ఇదియే జరుగును.

మొదటిది మెరక. మనది రెండు గోదావరి పాయల నడుమ నేల. 1852 లో ధవళేశ్వరపు ఆనకట్ట ముగిసి కాలువలు పారినది మొదలు మనకు అన్నమునకు కొదువలేదు గాని, నీటికిని కొదువలేదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరమువద్ద 35 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహము పోయినది. 2022 జూలైలో 25 లక్షలు దాటినది. లంకలలోని వారిండ్లలోనికి నీరు వచ్చినది. గట్టునకు లోపల నున్న మనవారికి వరద రాకున్నను ఊటనీరును, వాననీరును తప్పవు. కావుననే మన తాతలు అరుగులెత్తి కట్టిరి. ఆ అరుగులు కూర్చుండి ముచ్చటలాడుటకే యని నేటివారు తలచుచున్నారు. నా స్థలము ఒకప్పుడు వరిచేను. మేస్త్రీ చెప్పిన 1,600 రూపాయలు భూమట్టమునుండి ఒకటిన్నర యడుగు ఎత్తుకే. నాకు వీథికంటె మూడడుగులెత్తు కావలసివచ్చెను. 33 అడుగుల చతురమును 3 అడుగులు నింపవలెనన్న 3,267 ఘనపుటడుగుల మన్ను. నూరు ఘనపుటడుగులు ఒక యూనిట్టు గనుక 33 యూనిట్లు. నీరు పెట్టి దిమ్మిస చేసిన మన్ను అణగును గావున మరి నాల్గవవంతు కలుపుకొని 41 యూనిట్లు. పునాదిగోడ యెత్తు పెరిగిన కొలది ఇటుక, సిమెంటు, కూలి. వెరసి 1,40,000. అడుగు లెక్క చెప్పు మేస్త్రీకి నేల కనబడదు. వానికి కనబడునది కప్పు మాత్రమే. పల్లపు నేలలో కట్టువారు ఇంటి యంచనాకు ముందు నేల యంచనా వేసికొనవలెను.

రెండవది ప్రహరీగోడ, గేటు: 1,85,000. అడుగు లెక్కలో ప్రహరీ లేదని నాకు గోడలు లేచిన పిదప తెలిసినది. అడుగలేదు గనుక ఆయన చెప్పలేదు. బోరు, మోటారు, నీళ్లతొట్టి కలిసి 95,000. విద్యుత్తు కనెక్షనుకును, స్తంభమునుండి తీగకును 30,000. ఇవియు అట్టివే. 

ఇనుము కథ వేరు. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయినుమీదికి దండెత్తిన పిమ్మట ఇనుము ధర పెరుగుచు వచ్చెను. ఇంకను పెరుగునని భయపడి నేను ఏప్రిలులో 4 టన్నులు ఒక్కసారిగ కొంటిని. కిలోకు 15 రూపాయలు హెచ్చు, అనగా 60,000. మే నెలలో కేంద్రప్రభుత్వము ఉక్కుపై ఎగుమతిసుంకము విధించెను, ధర దిగెను. ఎక్కడో నల్లసముద్రపు తీరమున ఫిరంగి పేలిన, ఆత్రేయపురములో ఒక పంతులు పింఛను కరగినది. ధరలు మనచేతిలోనివి కావు. అందుచేతనే అంచనాలో వానికొక గడి ఖాళీగ విడువవలెను.

మార్పులకు 1,10,000. ఇది పూర్తిగ నా తప్పు. మా యింటివారు పునాది ముగ్గు పోసిననాడే, "వంటయింటి తలుపు తూర్పుగోడకున్నచో గిన్నెలు తోముకొను చోటికి వాన కొట్టును, ఇటు పెట్టించండి" అని చెప్పిరి. శాస్త్రము నాకు తెలియునని ఊరకుంటిని. గోడ లింటెలువరకు లేచి, మొదటి వాన పడిన పిదప ఆమె చెప్పినది నిజమాయెను. గోడ పగులగొట్టితిమి. దేవుని గది మార్చితిమి. వసారా పెంచితిమి. కాగితముమీద గీత చెరిపిన వ్యయము ఒక రబ్బరు ముక్క. గోడమీద చెరిపిన వ్యయము కట్టినకూలి, కూల్చినకూలి, మరల కట్టినకూలి. ఇంటిలో పగలెల్ల తిరుగువారిని అడుగక ఇంటి పటము గీయించు పురుషులు ఈ సభలో నేనొక్కడనే కానని తలచెదను.

ఇక గృహప్రవేశము 1,10,000. దానిని గూర్చి నేను మాటలాడను. మీరందరును భోజనము చేసియే యున్నారు.

తక్కువైన 4,72,400 లో 3 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చితిని. నెలకు 6,000, సంవత్సరమునకు 72,000. మిగిలినదానికి మా యింటివారి కంఠహారము అమ్ముడుపోయెను. అది వారి తండ్రిగారు, స్వర్ణకారవృత్తిలో పేరుపడినవారు, కూతురి వివాహమునకు తమ చేతులతో చేసిన నగ. కొన్న వర్తకుడు దానిని తూచి కరగించెను. తూకమునకు ధర వచ్చినది గాని ఆ పనితనమునకు ధర లేదు. ఆమె నాతో ఒక్కమాటయు ననలేదు.

క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దిలో రోమునందు విట్రూవియసు అను వాస్తుశిల్పి యుండెను. ఆయన గ్రంథము నేటికిని నిలిచియున్నది. గ్రీకుల ఎఫెసు నగరమున పూర్వమొక శాసనముండెనని ఆయన వ్రాసెను. ప్రభుత్వపు కట్టడమునకు పూనుకొను శిల్పి ముందుగ వ్యయమెంతో చెప్పి, పని ముగియువరకు తన యాస్తిని న్యాయాధికారి యొద్ద తాకట్టుంచవలెను. చెప్పినంతలో ముగించినచో వానికి సన్మానము. నాల్గవవంతువరకు మించినచో ఖజానా భరించును. నాల్గవవంతు దాటినచో ఆ పైసొమ్ము శిల్పి యాస్తినుండి రాబట్టుదురు. సొంత ఇండ్లకును ఇట్టి శాసనముండిన ఎంత బాగుండునని విట్రూవియసు విచారపడెను.

ఈ శాసనమును నా యింటికి అన్వయించి చూచితిని. 17,42,400 లో నాల్గవవంతు 4,35,600. అంతవరకు నాది. మిగిలిన 2,94,400 మేస్త్రీది కావలెను. కాని ఆలోచించిన కొలది ఆయనమీద దావా వేయుటకు నాకు నోరు రాలేదు. ప్రహరీ యున్నదా యని నేనడుగలేదు. ఎత్తెంత యని నేనడుగలేదు. మార్పులు నావి. ఆయన చేసిన తప్పొకటే: తెలిసియు చెప్పలేదు. చెప్పినచో నేను మరియొకని యొద్దకు పోవుదునని ఆయన భయము. ఆ భయము నిజమే, పోయియుందును.

సోదరులారా, ఇచ్చట మన కులమునకు సంబంధించిన మాట యున్నది. మన వడ్రంగులును, శిల్పులును, కమ్మరులును ఇండ్లు కట్టు చేతులు. మనమే కట్టువారము, మనమే కట్టించుకొనువారము. మా తండ్రిగారు వడ్రంగము చేసిరి. నా చిన్నతనమున ఒక రైతు మండువా లోగిలి కట్టదలచి అంచనా యడుగగా, మా తండ్రిగారు ద్వారబంధములు, దూలములు, స్తంభములు ఒక్కొక్కటి కొలిచి పలకమీద పెన్సిలుతో వ్రాసి చెప్పిరి. రైతునకు అది అధికముగ తోచెను. మరియొకరు అందులో మూడింట రెండువంతులకే చేసెదమనిరి. పని వారికి పోయెను. మా తల్లి ఆ రాత్రి, "కొంచెము తగ్గించి చెప్పకపోయితిరా? పని మొదలైన తరువాత వారే యిత్తురు గదా" యని యనగా, మా తండ్రిగారు, "అది అంచనా కాదే, ఎర" యని బదులు చెప్పిరి. ఆ లోగిలికి కప్పు పడుటకు ముందే రైతు అరయెకరము కొబ్బరితోట అమ్మెను. కాని ఆ సంవత్సరము మా యింట జొన్నకూడు తింటిమి. ఈ రెండవ సంగతియు నేను దాచను. నిజమైన అంచనా చెప్పువానికి నష్టమున్నది. ఆ నష్టమును ఒక్కొక్క మేస్త్రీ ఒంటరిగ భరింపజాలడు గనుకనే ఈ మాట సంఘములో చెప్పుచున్నాను.

మన స్వర్ణకారులను చూడుడు. నగ చేయుటకు ముందే బంగారమెంత, తరుగెంత, మజూరి యెంత యని మూడు మాటలు వేరువేరుగ చెప్పుదురు. ఆ తరుగును గూర్చి బేరములుండవచ్చును గాని, తరుగనునది కలదని దాచువాడు లేడు. ఇంటిపనిలోను తరుగు కలదు. ఒక సింహద్వారపు బంధమునకు 5 అంగుళముల వెడల్పు, 4 అంగుళముల మందము గల టేకు 22 అడుగులు పట్టినచో, అది లెక్కకు 3 ఘనపుటడుగులకు కొంచెము పైమాట. కొనవలసినది నాలుగు. రంపపు పొట్టు, బెరడు, పగులు, వంకర - ఇవి యెవరివి? యజమాని మూడడుగులకే సొమ్ము సిద్ధపరచుకొనును. నాల్గవయడుగు దగ్గర తగవు పుట్టును; వడ్రంగి దొంగయగును. మొదటనే "తరుగు ఒక ఘనపుటడుగు" అని వ్రాసినచో తగవు లేదు. ఇటుకలో విరుగుడు, ఇసుకలో జల్లెడ, పలకరాళ్లలో కోత - ప్రతిదానికిని తరుగున్నది.

ఇసుక మాట వచ్చినది గనుక ఒకటి చెప్పెదను. 2024 జూలైనుండి రాష్ట్రమున ఇసుక ఉచితమైనది. బొబ్బర్లంక మన మండలములోనిదే గదా యని అంచనాలో ఇసుకకు సున్న చుట్టినవారిని నేనెరుగుదును. ఇసుకకు వెల లేకున్నను, ఎత్తుకూలికిని, లారీకిని వెల కలదు. అట్లే సిమెంటు. 2017 నుండి దానిపై నూటికి 28 చొప్పున పన్నుండెను. 2025 సెప్టెంబరు 22 నుండి అది 18 అయినది. పక్కింటివాని పాత కాగితము చూచి సిమెంటు వ్రాసికొన్నచో ఎక్కువ వ్రాయుదుము. కూలి వ్రాసికొన్నచో తక్కువ వ్రాయుదుము.

అనగా అంచనాకు తేదీ యుండవలెను. మనకు ఎగువనున్న పోలవరమును చూడుడు. 2005-06 ధరలలో దాని యంచనా 10,151 కోట్లు. 2010-11 ధరలలో 16,010 కోట్లు. 2017-18 ధరలలో 55,548 కోట్లు. ఇందులో రాజకీయమును నేను తడవను. కాని ఆ పెరుగుదలలో పెద్దపాలు రాతికట్టడముది కాదు. 2013 నాటి భూసేకరణ చట్టము వచ్చిన పిదప భూమికిని, నిర్వాసితుల పునరావాసమునకును పెరిగినది. అంత పెద్ద ఇంజనీర్లు వేసిన లెక్కలోనే ఆలస్యమును, నేలయును ఇంత పని చేసినవి. మన 33 అడుగుల యింటిలో చేయవా? ఆషాఢమని ఒక నెల, మూఢమని రెండు నెలలు, మేస్త్రీ వేరొకచోటికి పోయెనని ఒక నెల నిలిపితిమి. ఆ నాలుగు నెలలకును వడ్డీ నిలువలేదు. నేను అద్దెయింటికి కట్టు అద్దెయు నిలువలేదు.

బ్యాంకు ఋణము వడ్డీవ్యాపారి ఋణముకంటె మేలు. ఇందులో సందేహము లేదు. కాని దానిని కూడ పూర్తిగ లెక్కించి తీసికొనుడు. 10 లక్షలు నూటికి 9 వంతున 20 ఏండ్లకు తీసికొన్నచో నెలకు ఇంచుమించు 9,000. మొత్తము కట్టునది 21,60,000 రూపాయలు. ఒక్కసారిగ రాబట్టు వడ్డీ అసలును మించరాదని మనుస్మృతి విధించినది. నెలనెలకు కట్టుచున్నాము గనుక ఆ విధి దీనికి వర్తింపదని వకీళ్లు చెప్పుదురు. వర్తింపకున్నను, ఇల్లొకటి కట్టి రెండిండ్ల వెల యిచ్చుచున్నామని మనస్సున నుంచుకొని అప్పు చేయుట మంచిది. నెలకిస్తు మన రాబడిలో మూడవవంతు దాటినచో ఒక గది తగ్గించుడు. గది తరువాత వేసికొనవచ్చును. అందుకు మెట్లకును, పై కప్పుకును కావలసిన ఇనుము మాత్రము మొదటనే విడిచి యుంచుడు.

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెతను మనము వీరవాక్యముగ వాడుచున్నాము. ఆ రెంటిని ఒకే సంవత్సరమున చేయుమని సామెతలో లేదు. సంబంధమువారు వచ్చునప్పటికి ఇల్లు కనబడవలెనని అప్పుచేసి తొందరపడి కట్టి, ఆ యప్పుచేతనే వివాహమును రెండేండ్లు వాయిదా వేసికొన్న కుటుంబములు మన తాలూకాలో లేవా? పేర్లు నేను చెప్పను, మీకే తెలియును.

కార్యనిర్వాహకవర్గమునకు నేను చేయు మనవి యొకటి కలదు. సంఘము తరపున ఒక అంచనా పత్రమును అచ్చు వేయింపవలెను. అందులో ఇంటికి వేరు, నేలకు వేరు, ప్రహరీ మొదలగు వెలుపలి పనులకు వేరు, నీరు, విద్యుత్తులకు వేరు, తరుగునకు వేరు, ధరల హెచ్చునకు వేరు గడులుండవలెను. పైన తేదీ. క్రింద మేస్త్రీ సంతకము, యజమాని సంతకము, యజమాని భార్య సంతకము. మార్పు కోరినచో ఆ మార్పునకు వెల ఆనాడే ఆ కాగితముమీదనే వ్రాసికొనవలెను. ఒక వడ్రంగి, ఒక తాపీమేస్త్రీ, లెక్క తెలిసిన యొక పెద్ద - ఈ ముగ్గురిని ప్రతి మండలమునకు నియమించినచో, కట్టదలచినవాడు ఆ పత్రమును వారికి చూపి సలహా పొందవచ్చును. నిజమైన అంచనా యిచ్చిన మేస్త్రీ పేరు వచ్చే సంవత్సరపు ఈ సంచికలో ప్రకటింపవలెను. తక్కువ చెప్పి పని పట్టినవాని పేరు ప్రకటింపనక్కరలేదు. మొదటివాని పేరు వచ్చినచో రెండవవాని పేరు తానే తెలిసిపోవును. కల్యాణమండపమునకు చందాలు పోగుచేయు పెద్దలు తమ మండపమునకు మొదట ఈ పత్రము నింపినచో తక్కినవారికి ధైర్యము కలుగును. అచ్చుకూలి ఎంతయగునో విచారించితిని: వేయి పత్రములకు అయ్యెడు వ్యయమును నేనిచ్చుకొందును. 

నా యింటి లెక్క పుస్తకమును వెంట తెచ్చితిని. మన్ను బండ్ల మొదలు గృహప్రవేశపు విస్తరాకుల వరకు రోజువారీగ వ్రాసినది. కొట్టివేతలు చాలగ నున్నవి. భోజనానంతరము ఈ వేదిక ప్రక్క బల్లమీద నుంచెదను. ఈ వత్సరము పునాది వేయదలచినవారు చూచి వ్రాసికొనవచ్చును.